లోహయానం – 14: వెలుగు సమ్మెట

పోయిన భాగాన్ని బయ్యారం చెరువు కట్ట మీద ఆపాను. కాకతి గణపతిదేవుని సోదరి మైలమ వేయించిన శాసనం అక్కడ ఉందని, కాకతీయుల పూర్వీకుల వరుస తెలియడానికి ఆ రాయి పెద్ద ఆధారమని చెప్పుకున్నాం. ఆ చెరువు చుట్టుపక్కల గుట్టల్లోని ఇనుపరాయి గురించి, 2013లో పుట్టిన ‘బయ్యారం ఉక్కు – తెలంగాణ హక్కు’ నినాదం గురించి కూడా చెప్పుకున్నాం. 2014 విభజన చట్టం పదమూడో షెడ్యూలు ఖమ్మం జిల్లాలో ఉక్కు కర్మాగారం సాధ్యాసాధ్యాలను ఆరు నెలల్లో చూడమంది. 2016 అక్టోబరులో బయ్యారం మహబూబాబాద్ జిల్లాకు మారింది. జిల్లా మారింది కానీ కర్మాగారం రాలేదు. ఆ పంచాయితీ అక్కడికే వదిలేద్దాం. ఈసారి బయ్యారంలోని ఒక కొలిమి దగ్గర మొదలుపెట్టి ఓహాయో దాకా పోయి రావాలి.

గుట్టల నిండా ఇనుపరాయి ఉన్న ఊళ్లో కమ్మరి కొలిమికి ఇనుము ఎక్కడి నుంచి వస్తుంది? పాత లారీ నుంచి. దాగలి పక్కన మూడు కమాన్ పట్టీలు పడి ఉన్నాయి. వాటిలో ఒకటి అప్పటికే ముక్కలై కొడవలి రూపంలోకి వస్తోంది. తాత పట్టుకారుతో పట్టుకుంటే మనవడు సమ్మెట వేస్తున్నాడు. ఎరుపు పూర్తిగా పోయి, ముక్క నల్లబడ్డాక కూడా తాత చిన్న సుత్తె తీసుకుని అంచు పొడవునా టకటకా కొట్టుకుంటూ పోయాడు. రూపం ఎప్పుడో వచ్చేసింది కదా, ఇంకా ఎందుకు కొడుతున్నావు తాతా అని అడిగాను.

“వేడి మీద కొడితే రూపు వస్తది సారూ. సల్లగయినంక కొడితే బలం వస్తది.”

ఈ భాగంలో నేను చెప్పబోయేదంతా ఆ రెండో మాటకు వ్యాఖ్యానమే.

లోహాన్ని చల్లగా కొడితే గట్టిపడుతుందని జనగామ దగ్గరి పెంబర్తి ఇత్తడి పనివాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. రేకు మీద బొమ్మ తేలడానికి కొట్టిన కొద్దీ రేకు బిరుసెక్కుతుంది. ఇక లొంగదనిపించినప్పుడు మంటలో కాల్చి మెత్తబరిచి, మళ్లీ కొడతారు. సుత్తె ఇచ్చిన బిరుసును మంట తీసేస్తుంది. ఈ మాట గుర్తుంచుకోండి, చివర్లో పని పడుతుంది.

గట్టిపడటం ఇందులో ఒక సంగతి మాత్రమే. అంతకంటే లోతైనది ఇంకొకటి ఉంది. ఎడ్లబండి చక్రానికి ఇనుప పట్టా ఎక్కించడం చూసినవాళ్లకు అది తేలిగ్గా అర్థమవుతుంది. పట్టాను ఎర్రగా కాల్చి, సాగిన పట్టాను చక్రం మీదికి తొడిగి నీళ్లు పోస్తారు. అది ముడుచుకుని కర్రను నలువైపుల నుంచీ బిగిస్తుంది. ఆ బిగింపు ఉన్నంత కాలం బండి ఎంత రాళ్లబాటన పోయినా చక్రపు అతుకులు విడవవు. సుత్తె దెబ్బ తిన్న లోహపు పైపొరలోనూ ఇలాంటి బిగింపే ఏర్పడుతుంది. దెబ్బ పడ్డ చోట పైపొర పక్కలకు పరుచుకోవాలని చూస్తుంది. కింద దెబ్బ తగలని లోహం దాన్ని కదలనివ్వదు. దాంతో పైపొర నొక్కుకుపోయి ఉండిపోతుంది. పగులు పుట్టాలన్నా పెరగాలన్నా లోహాన్ని విడదీసే లాగుడు కావాలి. ఆ లాగుడు ముందు ఈ నొక్కుడును దాటాలి. అలసటతో విరిగే వస్తువులు చాలామటుకు పైపొర నుంచే విరగడం మొదలవుతాయి గనక, కాపలా అక్కడ పెడితే మిగతా లోహం నిశ్చింతగా ఉంటుంది.

ఈ పనిని యంత్రానికి అప్పగించింది మోటారు బండ్ల వాళ్లే. 1930లలో అమెరికాలో జనరల్ మోటార్స్ ఇంజనీరు జాన్ ఆల్మెన్, బ్యూక్ కార్ల వాల్వు స్ప్రింగులు తొందరగా విరుగుతుంటే వాటి మీదికి చిన్న చిన్న గుండ్లను ధారగా కొట్టించి చూశాడు. స్ప్రింగుల ఆయుష్షు పెరిగింది. దెబ్బ ఎంత గట్టిగా పడిందో కొలవడానికి ఆయన పెట్టిన పద్ధతి ముచ్చటైనది. పలచని ఉక్కు పట్టీని ఒకవైపు మాత్రమే గుండ్లతో కొడతారు. కొట్టిన వైపు సాగాలని చూసి, పట్టీ విల్లులా వంగుతుంది. ఆ వంపే కొలత. నేటికీ దాన్ని ఆల్మెన్ పట్టీ అనే అంటారు. అప్పటి నుంచి గుండ్ల వాన కర్మాగారాల్లో మామూలైంది. లారీ కమాన్ పట్టీలకూ, విమాన ఇంజను భాగాలకూ అదే వాన. బయ్యారం కొలిమి దగ్గర పడి ఉన్న ఆ పట్టీలు కూడా ఒకప్పుడు అందులో తడిసినవే అయ్యుంటాయి.

గుండ్ల వానకు ఒక హద్దు ఉంది. దాని బిగింపు మిల్లీమీటరులో పావు వంతు లోతు వరకే పోతుంది. స్ప్రింగుకు అది చాలు. గులకరాయి దెబ్బకు రెండు మూడు మిల్లీమీటర్ల నొక్కు పడే చోట ఆ కవచం మొదటి దెబ్బకే చిరిగిపోతుంది.

ఇక అమెరికా బాంబరు విమానం బి-1బి సంగతికి వద్దాం. దానికి నాలుగు ఇంజన్లు. వాటి పేరు ఎఫ్101, చేసింది జనరల్ ఎలక్ట్రిక్. ఇంజను మూతి దగ్గర తిరిగే ఫ్యాను రెక్కలు టైటానియం మిశ్రమంతో చేసినవి, అంచు పలచన. రన్‌వే మీది రాయి, ఊడిపోయిన మేకు, మంచుగడ్డ, ఏది దారిలో పడినా ఇంజను దాన్ని లోపలికి పీల్చుకుంటుంది. అంచు మీద చిన్న గీత పడినా, రెక్క అదురుతున్న కొద్దీ ఆ గీత నుంచి పగులు పాకుతుంది. పగులు కొస దాకా పోయిన రోజున రెక్క తెగి ఇంజన్‌నే చీలుస్తుంది. 1990 చివర్లో రెక్కలు విరిగిన ఘటనల తర్వాత ఈ విమానాలను నేల మీద నిలిపేశారు. వేల కోట్ల డాలర్లు పోసి కట్టిన ఆ దళం 1991 గల్ఫ్ యుద్ధంలో పాల్గొనలేదు.

తర్వాత ఎగరనిచ్చారు గానీ ఒక షరతు పెట్టారు. ప్రతిసారీ ఎగరబోయే ముందు ప్రతి రెక్క అంచునూ చేత్తో తడిమి చూడాలి. దేనితో అనుకున్నారు? పత్తి ఉండలతో, పత్తి చేతితొడుగులతో, చివరికి పళ్ల సందులు శుభ్రం చేసుకునే దారంతో కూడా. మేకు దగ్గర చీర కొంగు పట్టుకున్నట్టు, నొక్కు ఉన్న చోట పత్తి పోగు పట్టుకుంటుంది. పోగు పట్టుకుందంటే ఆ రెక్క మార్చాల్సిందే. వరంగల్లు పత్తి రైతుకు తన పంట ఇలాంటి కొలువు కూడా చేస్తుందని చెబితే నమ్మడు. 1994లో ఈ తడుముడుకే 10 లక్షలకు పైగా పనిగంటలు, ఏడాదికి కోటి డాలర్లు ఖర్చయ్యాయని వైమానిక దళం లెక్క. భాగిస్తే గంటకు పది డాలర్లు కూడా పడదు. ప్రపంచంలోని ఖరీదైన యంత్రాల్లో ఒకటి చవక కూలి మీద, దూది మీద ఎగిరిన కాలం అది.

దీనికి మందు అప్పటికే ఇరవై ఏళ్లుగా ఓహాయో రాష్ట్రంలోని కొలంబస్ నగరంలో అటక మీద పడి ఉంది. బటెల్ మెమోరియల్ ఇన్‌స్టిట్యూట్ అనే పరిశోధనాలయం అక్కడిదే. 1960లలో లేజరు పుట్టిన కొద్ది ఏళ్లకే, దాని మెరుపు తగిలిన లోహంలో అలజడి తరంగాలు పుడతాయని గమనించారు. కానీ ఆ తరంగం బలహీనం. 1970లో అండర్‌హోమ్ అనే శాస్త్రవేత్త ఒక కిటుకు కనిపెట్టాడు. లోహం మీద పారదర్శకమైన పొర ఒకటి పరిచి, దాని గుండా లేజరు కొట్టాలి. దీపావళి తెలిసిన వాళ్లకు ఇది చెప్పడం తేలిక. మందును కుప్పగా పోసి ముట్టిస్తే బుస్సుమని ఆరిపోతుంది. అదే మందును పురికొసతో గట్టిగా చుట్టి ముట్టిస్తే వీధి అదిరిపోతుంది. లేజరు దెబ్బకు పుట్టిన ఆవిరి పైకి ఎగిరిపోకుండా ఆ పొర మూతలా అదిమిపెడుతుంది. ఆవిరికి వేరే దారి లేక లోహాన్ని గుద్దుతుంది. తర్వాత్తర్వాత ఆ పొర స్థానంలోకి పారే నీళ్లు వచ్చాయి. మిల్లీమీటరు మందాన నీళ్లు చాలు.

బటెల్‌లో ఫెయిరాండ్, విల్‌కాక్స్ ప్రభృతులు 1972లో అల్యూమినియం మిశ్రమం మీద దీన్ని కొట్టి, దాని గుణాలు మారాయని ప్రకటించారు. 1974లో మల్లోజి, ఫెయిరాండ్ పేర్ల మీద పేటెంటు వచ్చింది. అలన్ క్లావర్ లాంటివారు ఏళ్ల తరబడి దీని మీదే పనిచేశారు. కానీ అప్పటి లేజరు ఒక గదినిండా ఉండేది. ఒక దెబ్బ కొట్టాక దాని గాజు చల్లబడేదాకా నిమిషాల తరబడి ఆగాలి. ఒక రెక్కకు వందల దెబ్బలు కావాలంటే కర్మాగారం వాడు దండం పెట్టి వెళ్లిపోతాడు. 1980లలో కథ ఫ్రాన్స్ పరిశోధకుల చేతుల్లో నడిచింది, అమెరికాలో దాదాపు నిద్రపోయింది. ఏ రోగానికో తెలియకుండా కనిపెట్టిన మందు, రోగం వచ్చేదాకా సీసాలోనే ఉంటుంది మరి.

రోగం బి-1బి రూపంలో వచ్చింది. అదే ఓహాయోలో సిన్సినాటి దగ్గర జనరల్ ఎలక్ట్రిక్ విమాన ఇంజన్ల విభాగం ఉంది. ఈ ధారావాహిక చదువుతున్నవాళ్లు ఇక్కడ కాస్త ఆగాలి. ఫ్యాను రెక్కల అంచులను లేజరు దెబ్బతో గట్టిపరిచే పద్ధతి మీద ఆ సంస్థ 1995లో దరఖాస్తు చేసి, 1997 జనవరి 7న పొందిన అమెరికా పేటెంటు నంబరు 55,91,009. ఆవిష్కర్తల వరుసలో మొదటి పేరు సీతారామయ్య మన్నవ. ఆ పేరు ఏ గడపదో తెలుగు పాఠకుడికి నేను చెప్పాలా?

ఆ ఒక్క పేటెంటుతో ఆగలేదు. 1990లలో వచ్చిన వరుస పేటెంట్లలో ఆయన పేరు మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. వాటిని చదువుతుంటే పెద్ద సిద్ధాంతాలకంటే పనివాడి చికాకులే ఎక్కువ కనిపిస్తాయి. రెక్క మీద లేజరు తగిలే చోట నల్ల రంగు పూయాలి. ఆవిరయ్యేది ఆ రంగే, లోహం కాలకూడదు. ప్రతి విడత దెబ్బల తర్వాతా రంగు చెదురుతుంది, మళ్లీ పూయాలి, ఆరనివ్వాలి. ఈ చాకిరీ ఏమిటని, రంగుకు బదులు అంటుకునే టేపు వేయడం మీద ఒక పేటెంటు. రెక్కను ఆపి, కొట్టి, జరిపి, మళ్లీ ఆపే బదులు అది కదులుతుండగానే లేజరు పేలుస్తూ పోవడం మీద ఇంకొకటి. దెబ్బలకు అంచు మెలి తిరగకుండా చూసుకోవడం మీద మరొకటి. బటెల్ ఇరవై ఏళ్లలో దాటలేని గడప ఈ చిల్లర చికాకులేనని నా అభిప్రాయం. భౌతికశాస్త్రం 1972 నాటికే తేలిపోయింది. కర్మాగారంలో గంటకు ఎన్ని రెక్కలు అన్న ప్రశ్నకు జవాబు దొరకడానికే పాతికేళ్లు పట్టింది. మన్నవ ఆ తర్వాత సిన్సినాటి విశ్వవిద్యాలయంలో ఆచార్యులుగా ఇదే విద్య మీద పనిచేశారు.

ఇంతకీ ఆ దెబ్బ ఎలాంటిది? లేజరు అనగానే కోత, కాల్పు గుర్తొస్తాయి. ఇక్కడ ఆ రెండూ లేవు. ఒక లెక్క వేద్దాం. ఒక మెరుపులో ఉండే శక్తి సుమారు 50 జౌళ్లు. బయ్యారం మనవడి చేతిలో ఉన్నలాంటి అయిదు కిలోల సమ్మెటను మీటరు ఎత్తు నుంచి ఊరికే వదిలేసినా అంతే శక్తి వస్తుంది. అంటే లేజరు మోసుకొచ్చేది ఒక సమ్మెట దెబ్బే. తేడా అంతా కాలంలో ఉంది. ఆ 50 జౌళ్లూ సెకనులో అయిదు కోట్లవ వంతులో, అంటే 20 నానోసెకన్లలో, బఠాణీ గింజంత చోట పడతాయి. ఆ క్షణాంశంలో దాని సామర్థ్యం 2,500 మెగావాట్లు. భూపాలపల్లి జిల్లా చెల్పూరులోని కాకతీయ థర్మల్ కేంద్రం రెండు దశలూ కలిపి 1,100 మెగావాట్లు. దానికి రెట్టింపు దాటిన బలం బఠాణీ మీద, కాకపోతే రెప్పపాటులో కోటో వంతు సేపు.

నల్ల పూత మీది పొర ప్లాస్మాగా మారి, నీటి మూత కింద చిక్కుకుని, వాతావరణ పీడనానికి 50 వేల రెట్ల దాకా ఒత్తిడి పెంచుతుంది. ఆ ఒత్తిడి తరంగమై లోహంలోకి దిగుతుంది. దిగినంత మేరా లోహం తన ఓర్పు హద్దు దాటి నలుగుతుంది. బిగింపు మిల్లీమీటరు లోతు వరకూ, ఒక్కోసారి అంతకు మించీ నిలుస్తుంది. గుండ్ల వానతో పోలిస్తే నాలుగింతలు. లోహం వేడెక్కేలోపే పని అయిపోతుంది.

పలచని అంచుతో ఇంకో చిక్కు ఉంది. ఒకవైపు నుంచే కొడితే ఆల్మెన్ పట్టీలాగే అది కూడా వంగిపోతుంది. అందుకని రెక్కకు రెండు వైపుల నుంచీ ఒకేసారి రెండు మెరుపులు కొడతారు. ఇక్కడ దాగలి లేదు, రెండూ సమ్మెటలే. ఒక్క లిప్త అటూ ఇటూ కాకుండా ఇద్దరు సమ్మెటగాళ్లు ఎదురెదురుగా కొట్టాలంటే ఎంత తాళం కావాలో కొలిమి దగ్గర నిలబడ్డ వాళ్లకు తెలుస్తుంది.

1997 నుంచి ఎఫ్101 రెక్కలకు ఈ పని వరసగా జరిగింది. అంచు మీద పావు అంగుళం, అంటే ఆరు మిల్లీమీటర్ల నొక్కు పడ్డా, దెబ్బ తగలని కొత్త రెక్కకు ఉన్నంత బలం దానికి మిగులుతోందని పరీక్షల్లో తేలింది. అంతకు ముందు పత్తి పోగు పట్టుకుంటే చాలు, రెక్క చెత్తబుట్టలోకి పోయేది. తర్వాత ఎఫ్-16 విమానాల ఎఫ్110 ఇంజనుకు, ఎఫ్-22 విమానపు ఎఫ్119 ఇంజనుకు ఇదే వైద్యం చేశారు. లారెన్స్ లివర్‌మోర్ ప్రయోగశాల సెకనుకు కొన్ని దెబ్బలు కొట్టగల లేజరు తయారు చేశాక, విద్య పౌర విమానాలకూ దిగింది. ఇంగ్లండులోని లాంకాషైర్‌లో రోల్స్ రాయిస్ ట్రెంట్ ఇంజన్ల ఫ్యాను రెక్కలకు ఇలాగే దెబ్బలు వేస్తారు. అక్కడ మాత్రం అంచుకు కాదు, చక్రంలో దిగే మొదలుకు. ఆ మొదలు ఎంత ముఖ్యమో 2018 ఏప్రిల్ 17న అందరికీ తెలిసింది. సౌత్‌వెస్ట్ సంస్థ విమానంలో, 32 వేలకు పైగా ప్రయాణాలు చేసిన ఒక ఫ్యాను రెక్క మొదలు దగ్గర ఎవరి కంటా పడని పగులు పెరిగి, గాల్లోనే తెగింది. ఇంజను తునకలు కిటికీని బద్దలు కొట్టాయి. ఒక ప్రయాణికురాలు చనిపోయింది. ఆ రెక్క వేరే కంపెనీ ఇంజనుది. అయినా మొదలు మీద లోతుగా నొక్కి ఉంచడం ఎందుకో చెప్పడానికి అంతకంటే పాఠం అక్కర్లేదు.

మరి మన దగ్గరో? టైటానియం హైదరాబాదుకు కొత్త కాదు. కంచన్‌బాగ్‌లో 1963 నాటి రక్షణ లోహ పరిశోధనాలయం డీఎంఆర్ఎల్, 1973లో పుట్టిన మిధాని ఇరుగుపొరుగు. కేరళలో చవర దగ్గర నడిచే టైటానియం స్పాంజి కర్మాగారానికి విద్య ఇచ్చింది డీఎంఆర్ఎల్ వాళ్లే. 2021 మేలో అదే సంస్థ, 2,000 టన్నుల ప్రెస్సు మీద జాగ్వార్, హాక్ విమానాల అడూర్ ఇంజనుకు కావలసిన టైటానియం కంప్రెసర్ చక్రాలను అయిదు దశలకూ తయారుచేసి చూపింది. ఇది వేడి మీద కొట్టే విద్య, తాత చెప్పిన మొదటి మాట. అచ్చునూ లోహాన్నీ దాదాపు ఒకే వేడిలో ఉంచి నెమ్మదిగా అదుముతారు. 2025 నవంబరులో శంషాబాద్ విమానాశ్రయం పక్కన లీప్ ఇంజన్ల మరమ్మతు కేంద్రాన్ని ఫ్రాన్స్ సంస్థ సఫ్రాన్ ప్రారంభించింది. అయితే లీప్ ఫ్యాను రెక్కల ఒళ్లు కార్బన్ నారతో అల్లినది, టైటానియం అంచు పట్టీకే పరిమితం. మనం టైటానియం రెక్క దగ్గరికి చేరేసరికి రెక్కే వేరే బట్ట కట్టుకుంది.

తాత రెండో మాటను లేజరుతో పలికించిన పరిశోధన మన దేశంలో ఇండోర్‌లో ఉంది. అక్కడి రాజా రామన్న కేంద్రం తామే కట్టుకున్న లేజరుతో మొదట్లోనే చేపట్టిన పదార్థాల్లో ఒకటి ఏమిటో ఊహించండి. విమానపు టైటానియం కాదు, బండ్ల కమాన్ పట్టీల ఉక్కు. అది చదివినప్పుడు నాకు బయ్యారం కొలిమి పక్కన పడి ఉన్న మూడు పట్టీలే కళ్ల ముందు మెదిలాయి.

పెంబర్తి మంట సంగతి గుర్తుంచుకోమన్నాను కదా. చల్లని దెబ్బ ఇచ్చిన బిగింపును వేడి కరిగించేస్తుంది. లేజరు సమ్మెట ఇంజను ముందున్న చల్లని ఫ్యానుకు అంతగా నప్పి, వెనక మంటల్లో తిరిగే టర్బైను రెక్కలకు అంతగా పనికిరాకపోవడానికి ఇదొక పెద్ద కారణం. కొలిమిలో జరిగేదీ అదే. కర్మాగారం గుండ్ల వానతో కమాన్ పట్టీలో దాచిన బిగింపు, లారీ కింద లక్షల కుదుపులు ఓర్చిన బిగింపు, తాత దాన్ని బొగ్గుల్లో ఎర్రగా కాల్చిన నిమిషంలోనే పోతుంది. మిగిలేది ఉత్త ఉక్కు.

ఆయనకు ఆల్మెన్ తెలియదు, మన్నవ తెలియదు. నేను చెప్పబోతే, చేతిలో పని ఆపకుండానే విన్నాడు. కొడవలి నల్లబడ్డాక మనవడు సమ్మెట పక్కన పెట్టి బీడీ ముట్టించుకున్నాడు. తాత చిన్న సుత్తె అందుకుని, అంచు ఒక కొస నుంచి ఇంకో కొస దాకా, చోటు వదలకుండా, ఒక దెబ్బ మీద సగం ఇంకో దెబ్బ పడేలా కొట్టుకుంటూ పోయాడు. తర్వాత కొడవలిని తిప్పి రెండో వైపు మొదలుపెట్టాడు.

(వచ్చే భాగంలో: ఇల్లందు బొగ్గు)